పూత పూసిన ప్యాకింగ్: ఒక డిస్టిలేషన్ మనిషి అనుభవ పాఠాలు

నా ఉద్యోగమంతా డిస్టిలేషన్ కాలమ్‌ల చుట్టూనే గడిచింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా, ప్రాసెస్ డిజైన్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఈమధ్య వాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. రియాక్షనూ డిస్టిలేషనూ ఒకే కాలమ్‌లో చేసేటప్పుడు క్యాటలిస్టును సంచుల్లో కట్టి పెట్టడమెందుకు, ప్యాకింగ్ రేకుల మీదే పూత వేసేస్తే పోలేదా అని. అంత తేలిగ్గా పోదు. కొన్నిచోట్ల ఆ పూత భేషుగ్గా పనిచేస్తుంది, చాలాచోట్ల చేయదు. ఏది ఎక్కడో కాగితం మీద లెక్కవేసి తేల్చుకోవచ్చు. ఆ లెక్క వేయకుండానే కొటేషన్లు తెప్పించుకునేవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

1. రెండు పనులకూ ఒకే వేడి సరిపడాలి.

రియాక్టర్ విడిగా ఉంటే దాని ఉష్ణోగ్రత మన చేతిలో ఉంటుంది. కాలమ్‌లో ఆ స్వేచ్ఛ లేదు. ద్రవం మరిగే చోటే రియాక్షన్ జరగాలి, ఎంత వేడికి మరగాలో చెప్పేది ప్రెషర్. మిథనాల్, ఐసోబ్యూటిలీన్ కలిసి, పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అయ్యే రియాక్షన్‌ది ఈ విషయంలో మంచి జాతకం. ఆమ్ల రెసిన్ మీద 60, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా నడుస్తుంది. ఏడెనిమిది బార్ల ప్రెషర్ పెడితే నాలుగు కార్బన్ల హైడ్రోకార్బన్లు మరిగేదీ దాదాపు అక్కడే. పైగా అది వేడి విడుదల చేసే రియాక్షన్, ఆ వేడి అక్కడికక్కడే ద్రవాన్ని ఆవిరి చేయడానికి పనికొస్తుంది. అన్ని రియాక్షన్లకూ ఇంత పొత్తు కుదరదు. మీ రియాక్షన్‌కు 150 డిగ్రీలు కావాలనుకోండి. అక్కడిదాకా మరిగే ఉష్ణోగ్రతను తీసుకుపోవాలంటే ప్రెషర్ పెంచాలి, పెంచినకొద్దీ సాధారణంగా విడదీయడం కష్టమవుతుంది. అందరూ వాడే ఆంబర్‌లిస్ట్-15 లాంటి రెసిన్లు 120 డిగ్రీలు దాటితే నిలవవు. వాటి సల్ఫోనిక్ గ్రూపులు ఊడి ఆమ్లంగా కిందికి దిగుతాయి, ఆ తర్వాత రీబాయిలర్ ట్యూబుల గతి చెప్పనక్కర్లేదు.

2. ఈ రంగంలో అందరూ చెప్పుకునే కాలమ్‌లో పూతా లేదు, సంచీ లేదు.

అమెరికాలో టెనెసీ రాష్ట్రం కింగ్స్‌పోర్ట్‌లో ఈస్ట్‌మన్ కంపెనీ 1980ల్లో నడిపిన మిథైల్ ఎసిటేట్ కాలమ్ గురించి చెబుతున్నాను. అగ్రెడా, పార్టిన్ పేర్ల మీద 1984లో పేటెంటు వచ్చింది. ఎసిటిక్ ఆమ్లం, మిథనాల్ కలిస్తే మిథైల్ ఎసిటేటు, నీరు వస్తాయి. చెప్పడానికి తేలికే. కానీ రియాక్షన్ సగంలో సమతాస్థితికి చేరి ఆగిపోతుంది. మిథైల్ ఎసిటేటు మిథనాల్‌తో ఒక అజియోట్రోపు (మామూలుగా మరిగిస్తే విడిపోని మిశ్రమం), నీటితో ఇంకొకటి ఏర్పరుస్తుంది. పాత పద్ధతిలో ఒక రియాక్టరూ, దాని వెనక తొమ్మిదీ పదీ కాలమ్‌లూ వరసగా నిలబడేవి.

వాళ్లు చేసింది చూడండి. 118 డిగ్రీల దగ్గర మరిగే ఎసిటిక్ ఆమ్లాన్ని పైనుంచి వదిలారు. 65 దగ్గర మరిగే మిథనాల్‌ను కిందినుంచి పంపారు. రెండూ ఎదురెదురుగా వస్తూ మధ్యలో కలుస్తాయి. పైభాగంలో మిథైల్ ఎసిటేటు ఆవిరితో పాటు ఎగబాకే నీటిని, దిగుతున్న ఆమ్లమే కడిగి కిందికి లాక్కుపోతుంది. అంటే ముడిసరుకే అజియోట్రోపును విరగ్గొట్టే సాల్వెంటుగా కూడా పనిచేస్తోంది. పైన దాదాపు శుద్ధమైన మిథైల్ ఎసిటేటు, కింద నీరు. ఇంత అందమైన డిజైన్ నేను మరొకటి చూడలేదు.

మరి క్యాటలిస్టు ఏది? ద్రవరూపంలో పోసే సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఈ రియాక్షన్ నెమ్మది, దానికి సమయం కావాలి. అందుకని ట్రేల మీద ద్రవం ఎక్కువసేపు నిలిచేలా కట్టుకున్నారు. ప్యాకింగ్‌లో ద్రవం అలా నిలవదు, పలచని పొరగా జారిపోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మిగతా పాఠాల్లో సగం దీని మీదే నిలబడ్డాయి.

ఘన క్యాటలిస్టు వైపు జనం చూడటానికి కారణం కూడా ఆ సల్ఫ్యూరిక్ ఆమ్లమే. అది తినని లోహం కొనాలి. కింద నీటితో వచ్చేదాన్ని తటస్థం చేసి పారబోయాలి.

3. గుళికలను కాలమ్‌లో గుమ్మరించకూడదు.

రెసిన్ గుళికలు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటాయి. వాటిని నేరుగా పోస్తే పైకి ఆవిరి పోదు, కిందికి ద్రవం రాదు, కాలమ్ ఫ్లడ్ అవుతుంది. దీనికి మొదటి ఆచరణీయమైన దారి చూపినవాడు హ్యూస్టన్‌కు చెందిన లారెన్స్ స్మిత్. ఫైబర్‌గ్లాస్ గుడ్డకు వరసగా జేబులు కుట్టించి, వాటిలో రెసిన్ నింపి, స్టీలు తీగల వలతో కలిపి చుట్టలు చుట్టి కాలమ్‌లో పేర్చాడు. 1981లో హ్యూస్టన్‌లోని ఒక రిఫైనరీలో ఎంటీబీఈ కోసం అది నడిచింది. విడి రియాక్టర్ 90, 95 శాతం దగ్గర ఆగే చోట ఇది 99 దాటించింది.

తర్వాత స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ వాళ్ల కటాపాక్, అమెరికాలోని కోక్ వాళ్ల కటామాక్స్ వచ్చాయి. రెండు ముడతల తీగ వలల మధ్య గుళికలను బిగించి, నిలువు పొరలుగా పేర్చే పద్ధతి అది. ద్రవం జేబుల్లోంచి, ఆవిరి బయటి ఖాళీల్లోంచి నడుస్తాయి. ద్రవం మరీ ఎక్కువైతే జేబులు మింగలేక బయటినుంచే జారిపోతుంది, క్యాటలిస్టును ముట్టుకోకుండానే. ఈ సంగతి తెలిసే తర్వాతి రకాల్లో క్యాటలిస్టు జేబులకూ మామూలు ప్యాకింగ్ రేకులకూ వంతులు పెట్టారు.

4. పూత ఎక్కువ రియాక్షన్ ఇస్తుందని అనుకోవద్దు. లెక్క వేయండి.

పూత గురించి అందరూ చెప్పే మాట: గుళిక లోపలికి రసాయనాలు చొరబడటానికి సమయం పడుతుంది, పలచని పూతలో ఆ బాధ లేదు. నిజమే అనిపిస్తుంది. కాగితం తీయండి.

ఘనపు మీటరుకు 250 చదరపు మీటర్ల ఉపరితలమున్న మామూలు స్ట్రక్చర్డ్ ప్యాకింగ్ తీసుకుందాం. దాని మీద 0.1 మిల్లీమీటరు మందాన పూత వేస్తే ఘనపు మీటరుకు 25 లీటర్ల క్యాటలిస్టు వస్తుంది. సంచుల ప్యాకింగ్‌లో అదే ఘనపు మీటరులో 200 లీటర్లు సులువుగా పడుతుంది. ఎనిమిది రెట్లు. నెమ్మదిగా నడిచే ఎస్టరిఫికేషన్‌కు కావలసింది క్యాటలిస్టు పరిమాణం. అక్కడ పూత అనే మాటే ఎత్తకండి.

సరే, వేగంగా నడిచే రియాక్షన్ తీసుకుందాం. లోపలికి చొరబడే దూరమే అడ్డంకి అనుకుందాం. 0.8 మిల్లీమీటర్ల గుళికకు అన్ని వైపులనుంచీ దారి ఉంటుంది కాబట్టి, లెక్కలో దాని దూరం వ్యాసార్ధంలో మూడో వంతు, అంటే 0.13 మిల్లీమీటర్లు. పూతకు ఒకవైపు లోహం అడ్డం. అందుకని దాని దూరం పూర్తి మందం, 0.1. ఇంతకీ లాభం ఎంత? దాదాపు ఏమీ లేదు! నిజంగా లాభం కావాలంటే పూతను 0.03, 0.05కు తగ్గించాలి. అప్పుడు ఉన్న కొద్దిపాటి క్యాటలిస్టు కూడా సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. రియాక్షన్ మరీ వేగమై పై చర్మం మాత్రమే పనిచేస్తోందనుకోండి. అప్పుడు బయటి ఉపరితలమే లెక్క. 200 లీటర్ల గుళికల ఉపరితలం 1500 చదరపు మీటర్లు. ప్యాకింగ్‌ది 250. ఇక్కడా సంచిదే పైచేయి, ఆరు రెట్లు. కాకపోతే సంచిలో ప్రతి గుళిక చుట్టూ ద్రవం సమంగా నడవదు కనుక, నిజంలో అంత తేడా రాదు.

మరి పూత దేనికి? దాని గుణం వేరే చోట ఉంది. పూత మీద జారే పలచని ద్రవపు పొరను ఆవిరి ఆనుకునే ఉంటుంది. పుట్టిన సరుకు పుట్టినచోటే ఆవిరిలోకి లేచిపోగలదు. సంచిలో అయితే గుళికల మధ్య తచ్చాడి, జేబు దాటి బయటపడాలి, ఈలోగా అది మళ్లీ రియాక్టై వేరే పదార్థంగా పాడైపోవచ్చు. మనకు కావలసింది నడిమి మెట్టు సరుకైతే, తర్వాతి మెట్టుకు పోకుండా ఆపాలంటే, పూత విలువ అక్కడ తెలుస్తుంది. బ్యుటాడయీన్‌ను బ్యూటీన్ దగ్గరే ఆపే హైడ్రోజనేషన్ అలాంటిది. పల్లాడియం లాంటి ఖరీదైన లోహమైతే మామూలు గుళికల్లోనూ పై పొరలోనే పెడతారు, లోపల పెడితే దండగ కాబట్టి. రెండో లాభం, పూత వేసినా ప్యాకింగ్ ఆకారం మారదు. విడదీసే సామర్థ్యం, ఆవిరి మోసే శక్తి మామూలు ప్యాకింగ్‌కు దగ్గరగానే ఉంటాయి. సంచులు ఆ రెంటిలోనూ కోత పెడతాయి.

కాబట్టి ఎవరైనా పూత ప్యాకింగ్ గురించి అడిగితే నా ఎదురు ప్రశ్న ఒకటే. మీ కాలమ్‌లో ఇప్పుడు వెనకబడిన పని ఏది, రియాక్షనా, విడదీయడమా, పుట్టిన సరుకు పాడైపోవడమా? మొదటిదైతే ఫోన్ పెట్టేయమంటాను.

5. పట్టు లేని పూత పెచ్చులూడుతుంది.

గోకకుండా సున్నం కొట్టిన పాత గోడ తెలుసు కదా. స్టీలు మీద క్యాటలిస్టును మోసే అల్యూమినా పూతా అంతే, కారణం మాత్రం వేరు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి వ్యాకోచించేది అల్యూమినాకు రెట్టింపు. 500 డిగ్రీల్లో కాల్చి చల్లారిస్తే మీటరు పొడవుకు రెంటికీ దాదాపు నాలుగు మిల్లీమీటర్ల తేడా. ఆ లాగుడుకు పూత బీటలు తీస్తుంది. కార్ల పొగగొట్టాల్లో ఉండే లోహపు క్యాటలిటిక్ కన్వర్టర్లవాళ్లు దీనికి దారి కనుక్కున్నారు. ఇనుము, క్రోమియంలో అల్యూమినియం కలిపిన మిశ్రలోహాన్ని బాగా వేడి చేస్తే ఉపరితలం మీద అల్యూమినా మొలకలు వస్తాయి. పూత వాటిని పట్టుకుని నిలబడుతుంది.

రెసిన్ పూతలకు ఇంకో చిక్కు. మిథనాల్‌లో, నీటిలో రెసిన్ ఉబ్బుతుంది. హైడ్రోకార్బన్లు తగిలితే ముడుచుకుంటుంది. స్టార్టప్‌కు ఒకసారి, షట్‌డౌన్‌కు ఒకసారి ఇలా ఉబ్బి తగ్గితే ఏ జిగురూ ఆగదు. జర్మనీలోని క్లౌస్థాల్‌లో కున్జ్, హాఫ్‌మన్ 1990ల్లో తెలివైన పని చేశారు. పైన పూయడం మానేసి, చిల్లుల సిరామిక్ రింగుల లోపలి రంధ్రాల్లోనే పాలిమర్‌ను తయారుచేసి, తర్వాత దానికి ఆమ్లగుణం ఇచ్చారు. ఉబ్బినా రంధ్రం గోడలు పట్టుకునే ఉంటాయి. దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఊడ్స్‌హోర్న్ బృందం, ఎంటీబీఈకి దగ్గరి బంధువైన ఈటీబీఈ కోసం, తీగవల ప్యాకింగ్ మీదే బీటా జియోలైట్ స్ఫటికాలను పెంచింది. పూయడం కాదు, మొలిపించడం. రెండు చోట్లా పని బాగుంది. ప్రయోగశాలలో ఒక పిడికెడు ప్యాకింగ్ మీద చేసిన పనిని రెండు మీటర్ల వ్యాసమున్న కాలమ్‌కు సరిపడా, మొత్తం ఒకే మందంలో చేయడం మాత్రం వేరే విద్య.

ఫ్యాబ్రికేషన్‌వాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. మ్యాన్‌హోల్‌లోంచి పట్టేలా ముక్కలు కోసుకోవడం, వెల్డింగు, వంపులు అన్నీ అయ్యాకే పూత. పూశాక రంపం తగలకూడదు. లోపల అమర్చేటప్పుడు దాని మీద బూటుకాలు పడకూడదు. చెక్క పలక వేసుకుని దాని మీద నిలబడమనండి.

6. కొద్దిగా ఉన్న క్యాటలిస్టు తొందరగా చస్తుంది.

ఆంబర్‌లిస్ట్-15 రెసిన్‌లో కిలోకు 4.7 ఈక్వివలెంట్ల ఆమ్లశక్తి ఉంది. ఒక ఆమ్ల స్థానాన్ని ఒక అమ్మోనియా అణువు చంపుతుంది. కిలో రెసిన్‌ను పూర్తిగా నిర్వీర్యం చేయడానికి 80 గ్రాముల అమ్మోనియా చాలు. రిఫైనరీల నుంచి వచ్చే నాలుగు కార్బన్ల స్ట్రీమ్‌లో ఎసిటోనైట్రైల్, ప్రొపియోనైట్రైల్ ఉంటాయి. అవి రెసిన్ మీద మెల్లగా నీటితో కలిసి అమ్మోనియాగా విడిపోతాయి. వెంటనే పట్టుబడవు కాబట్టి మొదటి పొరలో ఆగక, బెడ్ అంతటా చల్లినట్టు పరుచుకుంటాయి. ఎసిటోనైట్రైల్ నీటితో కడిగితే పోతుంది, రెండోది అంత తేలిగ్గా పోదు. తుప్పు నుంచి వచ్చే ఇనుము, కాస్టిక్‌తో కడిగి సరిగా తొలవని పైపుల్లోని సోడియం కూడా ఇదే పని చేస్తాయి.

సంచుల కాలమ్‌లో 200 లీటర్లు భరించే విషాన్ని పూత కాలమ్‌లో 25 లీటర్లు భరించాలి. అందుకే, నైట్రైళ్లు కొన్ని దాన్ని దాటిపోయినా, ముందు ఒక గార్డ్ బెడ్ తప్పనిసరి. చవక రెసిన్‌తో నింపిన చిన్న డ్రమ్ము అది, రెండు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి మార్చుకోవచ్చు. ప్రాజెక్టు ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందు కొట్టేసేది ఆ గార్డ్ బెడ్‌నే. దాని మీద మాత్రం పట్టుబట్టండి.

7. తడవని చోటు ప్రమాదం.

మామూలు ప్యాకింగ్‌లో ఓ మూల పొడిగా ఉండిపోతే ఆ మేరకు విడదీయడం తగ్గుతుంది, అంతే. క్యాటలిస్టు ఉన్నచోట పొడిబారితే అక్కడ జరిగే కథ వేరు. ఎంటీబీఈ కాలమ్‌లో మిథనాల్ అందని చోట ఐసోబ్యూటిలీన్ తనలో తాను కలిసి డైఐసోబ్యూటిలీన్ అవుతుంది, ఆపైన ఇంకా బరువైన జిగట. అది రంధ్రాలు మూసేస్తుంది. కాబట్టి లిక్విడ్ డిస్ట్రిబ్యూటర్‌కు పెట్టే శ్రద్ధ రెట్టింపు కావాలి. స్పిరిట్ లెవెల్‌తో సమతలం చూడండి, అమర్చేముందు నేల మీదే నీళ్లు పోసి ప్రతి రంధ్రం నుంచీ సమానంగా వస్తోందో చూడండి. ఒక ప్లాంటులో ప్యాకింగ్ చెడిందని అందరూ నమ్మి షట్‌డౌన్ చేశారు. తెరిచి చూస్తే డిస్ట్రిబ్యూటర్ రంధ్రాల్లో వెల్డింగు చిట్టెం. ఫీడ్ లైన్‌లో పెట్టాల్సిన స్ట్రెయినర్ జాలీని స్టార్టప్‌లో తీసి పక్కన పడేశారట, ఎవరన్నది తేలలేదు.

8. ఒకే ఫీడు, ఒకే రిఫ్లక్స్, రెండు ఫలితాలు.

1993లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జేకబ్స్, కృష్ణ ఎంటీబీఈ కాలమ్ మీద ఒక పేపరు రాశారు. అన్ని సెట్టింగులూ అవే ఉన్నా ఆ కాలమ్ రెండు స్థిరస్థితుల్లో ఉండగలదని అందులో చూపించారు, ఒకదానిలో కన్వర్షన్ ఎక్కువ, రెండోదానిలో తక్కువ. ఆపరేటర్ ఏ దారిన స్టార్టప్ చేశాడన్నదాన్ని బట్టి ఎందులో స్థిరపడుతుందో తేలుతుంది. కన్వర్షన్ పడిపోయిందనగానే క్యాటలిస్టును నిందించకండి. ముందు కాలమ్ టెంపరేచర్ ప్రొఫైల్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.

9. తీయడానికి దారి చూసుకున్నాకే లోపల పెట్టండి.

కాలమ్ పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు ఉంటుంది. క్యాటలిస్టు అందులో చిన్న భాగమే బతుకుతుంది. ద్రవ ఆమ్లమైతే పంపు ఆపి వేరేది పోస్తారు. సంచులైతే క్రేన్ పెట్టి దించి కొత్తవి పేరుస్తారు, విసుగే కానీ తెలిసిన పని. పూత చచ్చిపోతే మాత్రం ప్యాకింగ్ మొత్తం బయటికి రావాలి, పూత వేసేవాడి దగ్గరికి పోవాలి, పాతది గీకాలి, కొత్తది వేసి కాల్చాలి. ఆ నెలల్లో కాలమ్ ఏం చేస్తుంది? రెండో సెట్టు ప్యాకింగ్ కొని ఉంచుకోవాలి. మొదటి ఎస్టిమేట్‌లో ఈ రెండో సెట్టు ఎప్పుడూ కనపడదు.

నన్ను అడిగితే చాలా సందర్భాల్లో పక్క రియాక్టర్ మేలు. కాలమ్ మధ్యలోంచి ద్రవాన్ని బయటికి తీసి, మామూలు బెడ్ గుండా పంపి, తిరిగి లోపలికి వదలడం. రెండు బెడ్లు పెడితే కాలమ్ ఆపకుండానే క్యాటలిస్టు మార్చుకోవచ్చు. కాలమ్ లోపల మామూలు ప్యాకింగే, ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. సమతాస్థితి మరీ గట్టిగా అడ్డుపడే రియాక్షన్లకు ఇలాంటి మళ్లింపులు ఎక్కువ కావాలి, అప్పుడు పంపుల ఖర్చు పెరిగి లాభం పోతుంది. అది కూడా లెక్కే, వాదన కాదు.

10. సరుకుకు కాలం చెల్లినా కాలమ్ మిగులుతుంది.

1990ల్లో పెట్రోలులో కలపడానికి ఎంటీబీఈ యూనిట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో తాగునీటి బావుల్లో అది తేలింది. 2004 నుంచి ఆ రాష్ట్రం దాన్ని నిషేధించింది. అమెరికా అంతటా డిమాండు కూలిపోయింది. కొన్ని యూనిట్లు ఐసోబ్యూటిలీన్‌ను జంటలుగా కలిపి ఐసోఆక్టేన్ చేసే దారికి మళ్లాయి, అదివరకు సైడ్ రియాక్షన్ అని తిట్టుకున్నదే ఇప్పుడు సరుకు. క్యాటలిస్టును విడిగా మార్చుకోగల యూనిట్‌కు ఇలాంటి మలుపు తేలిక. పూతకు కట్టుబడిన ప్యాకింగ్‌ది ఒకే కొలువు.

11. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ పిల్లలకు ప్రత్యేకంగా.

బల్క్ డ్రగ్ యూనిట్లలో ఒకే సరుకు ఏడాదంతా నడవదు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. మీకు పూత ప్యాకింగ్ అమ్మడానికి వచ్చినవాడికి టీ ఇచ్చి పంపండి. ఒక సరుకుకు పనికొచ్చిన క్యాటలిస్టు తర్వాతి సరుకుకు మలినం. కడిగి శుభ్రమైందని నిరూపించడానికే క్వాలిటీవాళ్లు మీ ప్రాణం తీస్తారు. అయినా మీరు ఈ విద్యకు దూరంగా ఏమీ లేరు. గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ మీద చిన్న కాలమ్ పెట్టి, టోలుయిన్‌తో నీటిని లాగేస్తూ ఎస్టరిఫికేషన్ ముగిస్తారే, అది రియాక్టివ్ డిస్టిలేషనే. ఆ కాలమ్‌కు రిఫ్లక్స్ సరిగా పెట్టి, నీరు విడిపోయే డికాంటర్ పెద్దదిగా కడితే బ్యాచ్ సమయం ఎంత తగ్గుతుందో ముందు అది చూడండి.

12. కాలమ్‌లో కూపన్లు వేలాడదీయండి.

ఇన్ని చెప్పాక కూడా పూత వేయాల్సిన కేసు మీదే అయితే, ప్యాకింగ్‌తో పాటు అదే బ్యాచిలో పూసిన చిన్న రేకుల్ని కొన్ని ఎక్కువగా చేయించండి, కూపన్లంటే ఇవే. ఒక్కోదాన్ని తూచి, నంబరు చెక్కి, ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరా చేతికి అందే ఎత్తులో తీగతో కట్టండి. ఏ కారణానికి మ్యాన్‌హోల్ తెరిచినా ఒకటి కోసుకుని రండి. తూచి చూస్తే పూత ఎంత రాలిందో తెలుస్తుంది. ఆమ్లశక్తి కొలిస్తే ఎంత చచ్చిందో తెలుస్తుంది. కింది మ్యాన్‌హోల్ రేకు బాగుండి, ఫీడు వచ్చే చోటి రేకు చచ్చి ఉంటే గార్డ్ బెడ్ రెసిన్ మార్చే టైమైందని. అన్నీ సమానంగా బరువు తగ్గి ఉంటే పూత వేసినవాణ్ణి పిలవాలి. రిజిస్టర్‌లో తేదీ, రేకు నంబరు, బరువు రాసే పని షిఫ్ట్ ఇంజనీరుకు అప్పగించండి, కాంట్రాక్టరుకు కాదు.